జుట్టు బిరుసైతే మనిషి బిరుసా?

వార్షిక సంచికలో కవిత్వాన్ని గూర్చి, జాతీయ సమైక్యతను గూర్చి, విజ్ఞానశాస్త్ర ప్రగతిని గూర్చి వ్యాసాలు ఉండటం పరిపాటి. వాటి నడుమ తలవెంట్రుకలను గురించిన వ్యాసమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి కేశపోషణతో పనియేమని నవ్వుకొనవచ్చును కూడా. అయితే తరగతి గదిలో ఎదుట కూర్చున్న అరవై తలలను దినదినమూ చూచేవారికి ఆ తలలలోని ఆలోచనలతోబాటు ఆ తలల పైని బాధలు కూడా కనబడక మానవు.

మన సమాజంలో జుట్టును చూచి మనిషిని అంచనా వేసే దురలవాటు లోతుగా నాటుకొని ఉన్నది. నూనె రాసి, పాపిడి తీసి, బిగుతుగా అల్లిన జడ క్రమశిక్షణకు గుర్తు. గాలికి లేచి నిలిచిన జుట్టు అవిధేయతకు గుర్తు. “తల దువ్వుకొని రావటం కూడా చేతకాదా?” అని అందరి ఎదుట అడిగే అధ్యాపకులూ, “ఈ పిల్ల తల చూస్తే పెళ్ళివారేమనుకొంటారు?” అని ఇంట్లో నిట్టూర్చే పెద్దలూ తాము చేస్తున్నది హితబోధయే అని నమ్ముతారు. ఆ మాట పడిన పిల్ల మరుసటి వారం బ్యూటీ పార్లరులో కూర్చొని ఉంటుంది. స్కాలర్‌షిప్పు డబ్బో, తల్లి మిషను కుట్టి కూడబెట్టిన డబ్బో అక్కడ ఖర్చవుతుంది. ఆరు నెలలలో కుదుళ్ళ నుండి కొత్త జుట్టు మొలుచుకొని వస్తుంది. దానితో పాత బాధ కూడా తిరిగి వస్తుంది. మగపిల్లల సంగతియు ఇంతకంటె మెరుగుగా లేదు. “చింపిరి తల” అనే బిరుదును మోస్తూ, టోపీ మాటున తల దాచుకొనే కుర్రవాళ్ళు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు.

నా అభిప్రాయాన్ని ఆరంభంలోనే చెప్పివేయుట మంచిది. పొడిబారిన జుట్టు మనం వాడే నీటిని గూర్చియో, తినే తిండిని గూర్చియో, చేసే అలవాట్లను గూర్చియో మనకు చెబుతున్న వార్త. కొందరి విషయంలో అది కేవలం పుట్టుకతో వచ్చిన స్వభావం. ఏది వార్తయో, ఏది స్వభావమో విచారించి తెలిసికొన్న పిమ్మటనే చికిత్స. విచారణ లేని చికిత్స జేబుకూ చేటు, ఒంటికీ చేటు.

భాషను బోధించే నాకు ముందుగా భాషయే సాక్ష్యం పలుకుతున్నది. ‘కురులు’ అనే మాటలోనే చుట్టలు చుట్టుకొన్న వెంట్రుక అనే భావం ఉన్నది. ‘అలకలు’ అనగా వంకులు తిరిగిన ముంగురులు. నాయికను ‘కుటిలకుంతల’ అనటం మన పూర్వకవులకు ప్రశంసయే గాని నింద కాదు. మన కళాశాలలోని ఉర్దూ విభాగపు మిత్రులను అడిగినా ఇదే మాట చెబుతారు. గజలులో జుల్ఫుకు గల అందమంతా దాని ‘పేచ్-ఓ-ఖమ్’లో, అనగా మెలికలలోనూ వంపులలోనూ ఉన్నది. ఇంకొక చమత్కారం గమనింపదగినది. మన వీధులలో నిత్యమూ వినబడే ‘పరేషాన్’ అనే మాట పారశీకం నుండి వచ్చినది. దానికి చెదరిన, చిందరవందరయైన అనే అర్థమూ ఉన్నది. కలత చెందిన అనే అర్థమూ ఉన్నది. చెదరిన కురులను ‘జుల్ఫ్-ఎ-పరేషాన్’ అని ఆ కవులు మురిపెంగా పిలిచారు. అదే జుట్టు నేడు మన పిల్లలను రెండవ అర్థంలో పరేషాన్ చేస్తున్నది. రెండు సాహిత్యాలు మెచ్చుకొన్న రూపాన్ని మనం ఎప్పటి నుండి రోగంగా లెక్కించుకొంటున్నాము?

ఇక జుట్టు నిర్మాణం కొంత తెలియనిదే చికిత్స మాట ఎత్తరాదు. వెంట్రుక ‘కెరటిన్’ అనే మాంసకృత్తుతో తయారైనది. చర్మం లోపలి కుదురు సజీవమే గాని బయటికి వచ్చిన పోగు నిర్జీవం. తలమీద సుమారు ఒక లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన నడుము దాకా వ్రేలాడే జడ కొనకు అయిదేళ్ళ వయస్సు ఉంటుంది. ఇంటర్మీడియెట్‌లో చేరేనాడు మొలచిన వెంట్రుక డిగ్రీ చివరి సంవత్సరంలో కూడా మన వెంట తిరుగుతున్నదన్న మాట. అయిదు వేసవుల ఎండనూ, వందల తలంట్లనూ, వేల దువ్వెనపోట్లనూ భరించిన ఆ కొన చిట్లిపోవటంలో వింత ఏమున్నది?

వెంట్రుక పైభాగాన పెంకుటింటి కప్పు వలె ఒకదానిపై ఒకటి అమరిన సన్నని పొలుసులు ఉంటాయి. వాటి మీద అతి పలుచని కొవ్వు పూత ఉంటుంది. పెంకులు సరిగా కూర్చొని ఉన్నంత కాలం జుట్టు నునుపుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. పెంకులు లేచినా, విరిగినా, పూత కొట్టుకొనిపోయినా పోగు గరుకు తేలుతుంది. లోపలి తేమ నిలకడగా ఉండదు. ఒక పోగు మరొక పోగును ఒరసికొని చిక్కులు పడుతుంది. మనం ‘బిరుసు’ అనేది దీనినే. నిర్జీవమైన పోగుకు తనను తాను బాగుచేసికొనే శక్తి లేదు. కనుక చిట్లిన వెంట్రుకను శాశ్వతంగా అతికిస్తామని ఏ సీసా మీద వ్రాసి ఉన్నా నమ్మవలసిన పని లేదు. పైన తాత్కాలికమైన పూత పూయవచ్చును. పాడైన కొనకు కత్తెరయే కడపటి మందు.

ఉంగరాల జుట్టు సంగతి వేరు. కుదురు ఆకారాన్ని బట్టి పోగు వంపు తిరుగుతుంది. ఇది తల్లిదండ్రుల నుండి వచ్చే ఆస్తి. తలచర్మంలోని గ్రంథులు స్రవించే సహజతైలం తిన్నని పోగు వెంట సులువుగా క్రిందికి దిగుతుంది. వంకుల పోగు వెంట కొనదాకా చేరలేదు. అందుచేత ఉంగరాల జుట్టు గలవారికి తలచర్మం జిడ్డుగా ఉన్నప్పటికీ కొనలు పొడిగా ఉండవచ్చును. ఎంత దువ్వినా లొంగని జుట్టుతో పుట్టే పిల్లలు కూడా అరుదుగా ఉంటారు. ఆ స్థితిని వైద్యులు 1973లో వర్ణించారు. దానికి మూలమైన మూడు జన్యువులను 2016లో గుర్తించారు. పసితనంలో కనబడి, పెద్దయ్యేకొద్దీ తగ్గుముఖం పట్టే ఆ స్థితికి ఏ తల్లి పెంపకమూ కారణం కాదు, ఏ పిల్ల మొండితనమూ కారణం కాదు.

వానకాలం రాగానే జుట్టు రేగిపోవటానికి కూడా శాస్త్రమున్నది. 1783లో జెనీవా శాస్త్రజ్ఞుడు సొస్యూర్ మనిషి వెంట్రుకతో గాలిలోని తేమను కొలిచే సాధనాన్ని లోకానికి వివరించాడు. తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, తగ్గితే కుంచించుకొంటుంది. పూర్తిగా పొడిగా ఉన్న గాలి నుండి పూర్తిగా తేమ నిండిన గాలిలోనికి వచ్చినప్పుడు దాని పొడవు నూటికి రెండు పాళ్ళకు పైగా పెరుగుతుంది. పెంకులు చెదరిన జుట్టు ఆ తేమను ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా పీల్చుకొని ఎగుడుదిగుడుగా ఉబ్బుతుంది. అందుకే ఇంటివద్ద అణిగిన జుట్టు కళాశాలకు చేరేసరికి లేచి నిలుచుంటుంది. ప్రయోగశాలలో పరికరంగా గౌరవం పొందిన గుణం తరగతి గదిలో అవలక్షణమైనది!

నా దృష్టిలో మొదటి ముద్దాయి నీరు. కృష్ణా, గోదావరి కాలువల నీటితో తలంటుకొని పెరిగిన పిల్లలు నగరానికి వచ్చి హాస్టలులో చేరగానే “జుట్టు పాడైపోయింది” అని వాపోవటం తరచుగా వినబడుతుంది. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో అధికభాగం గట్టి రాతినేల. రాతి పగుళ్ళలో నిలిచి బోరుబావిలోనికి వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు చాలచోట్ల అధికంగా ఉంటాయి. దీనినే కఠినజలం అంటారు. మన పెద్దలు ‘ఉప్పునీళ్ళు’ అన్నవాటిలో చాలభాగం ఇవే. తాగునీటిలో ఈ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలనీ, వేరొక ఆధారం లేనప్పుడు 600 దాకా సహింపవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించినది. ప్రయోగశాల లేకపోయినను గృహిణులకు ఈ పరీక్ష తెలియనిది కాదు. ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదు. సబ్బు నురుగు రాదు. బకెట్టు అంచున తెల్లని పొర పేరుకొంటుంది. బకెట్టు మీద పేరుకొన్నది జుట్టు మీద మాత్రం పేరుకొనదా? సబ్బుతో ఆ లవణాలు కలిసి ఏర్పడిన జిగురుముద్ద పెంకుల మీద పట్టి, జుట్టును గరుకుగా, కాంతిహీనంగా చేస్తుంది. అయితే అతిశయోక్తి పనికిరాదు. కోయంబత్తూరు వైద్యులు 2013లో ప్రచురించిన పరిశీలనలో కఠినజలం వలన వెంట్రుక బలం తగ్గినట్లు కనబడలేదు; 2018లో వెలువడిన మరొక పరిశీలనలో తగ్గినట్లు కనబడినది. బలం మాట ఎటు తేలినా, గరుకుదనం మాట మాత్రం మన చేతివేళ్ళకే తెలుస్తున్నది.

రెండవ ముద్దాయి మితం లేని శుభ్రత. ఒంటిసబ్బుతో తల రుద్దుకొనే అలవాటు ఇంకను పోలేదు. సబ్బుకు క్షారగుణం ఎక్కువ; క్షారం తగిలితే పెంకులు లేస్తాయి. షాంపూ విషయంలో ఒక చరిత్రాంశం చెప్పుకొనదగినది. ఆ మాట ఆంగ్లేయులది కాదు. ‘చాంప్నా’ అనే హిందుస్తానీ క్రియ నుండి పుట్టినది. దాని అర్థం ఒత్తుట, మర్దన చేయుట. 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో మర్దన స్నానశాలను నెలకొల్పి, ఇద్దరు ఆంగ్ల ప్రభువులకు ఆ సేవ చేసి పేరు పొందాడు. నాడు ఒడలి మర్దనకు వాడిన మాట కాలక్రమాన తలంటు నురుగుకు పేరైనది. మన వద్ద నుండి మర్దన పోయి, సీసాలో నురుగు తిరిగి వచ్చినదని చమత్కరించవచ్చును. 1980ల దశకంలో తమిళనాడులోని కడలూరు నుండి చిన్న పొట్లాల షాంపూ వ్యాపించిన తరువాత అది పేదింటి స్నానాలగదికి కూడా చేరినది. అందులో తప్పు లేదు. ఒక్క మనిషి తలకు ఒక్కసారికి పొట్లమంతా కుమ్మరించి, ప్రతిదినమూ జడ కొనదాకా రుద్దటంలోనే తప్పున్నది. అట్లని కుంకుడుకాయను దైవసమానంగా కొలువవలసిన అవసరమూ లేదు. కుంకుడు, శీకాయల నురుగు సబ్బుజాతిది కానందున ఉప్పునీటిలో జిగురుముద్ద కట్టదన్నది నిజమే. కాని చిక్కని కుంకుడురసం సైతం సహజతైలాన్ని చివరి బొట్టు దాకా ఊడ్చివేస్తుంది. ఏదైనను పలుచన చేసి వాడుట మంచిది.

మూడవ ముద్దాయి బజారు. దీనిని గూర్చియే నాకు ఎక్కువ ఆందోళన. స్మూతనింగు, స్ట్రెయిటనింగు, రీబాండింగు, కెరటిన్ అని వివిధ నామాలతో సాగే ఈ క్రియల రహస్యం ఒక్కటే: వెంట్రుక లోపలి బంధాలను రసాయనంతోగాని, వేడితోగాని, రెండింటితోగాని సడలించి, తిన్నగా సాగదీసి, ఆ రూపంలో నిలపటం. ఇస్త్రీపెట్టె వంటి ఆ సాధనం 180 నుండి 230 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. నీరు నూరు డిగ్రీలకే మరుగుతుందని ఎరుగనివారెవరు? తడి ఆరని వెంట్రుక మీద ఆ పలకలు నొక్కితే లోపలి నీరు ఆవిరియై బుడగలు కడుతుంది. ఆ బుడగ ఉన్నచోట వెంట్రుక పుటుక్కున తెగుతుంది.

జుట్టు తెగిన మళ్ళీ మొలుస్తుంది. ప్రాణం మాట అట్లు కాదు. ఈ లేపనాలలో కొన్నింటిలో ఫార్మాల్డిహైడు ఉంటుంది; కొన్నింటిని వేడిచేసినప్పుడు అది వెలువడుతుంది. ఆ వాయువు మానవులలో క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే నిర్ణయించినది. లేపనం పూసే పనివారు రోజంతా ఆ గాలినే పీల్చుతారు. వారి సంగతి ఆలోచించేవారెవరు? అమెరికాలో 33,497 మంది స్త్రీలను సుమారు పదకొండేళ్ళు పరిశీలించి 2022లో ప్రకటించిన ఫలితాలను చూడుడు. డెబ్బది యేండ్ల వయస్సు వచ్చేలోగా గర్భాశయ క్యాన్సరు సోకే అవకాశం ఈ లేపనాలను వాడనివారిలో నూటికి 1.64 కాగా, తరచుగా వాడినవారిలో 4.05గా అంచనా వేయబడినది. ఇది సంబంధాన్ని చూపినదే గాని కారణమని తుదితీర్పు చెప్పలేదు. అయినను జాగ్రత్తపడుటకు తుదితీర్పు దాకా వేచి ఉండవలెనా? ఫార్మాల్డిహైడు లేదని చెప్పి అమ్మే వాటిలో గ్లైఆక్సిలిక్ ఆమ్లం చోటుచేసికొన్నది. ఇరువదియారేండ్ల యువతికి అటువంటి లేపనం వాడిన ప్రతిసారీ మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు ఫ్రాన్సు వైద్యులు 2024లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో వెల్లడించారు. మూడు సార్లు వాడినది, మూడు సార్లూ జబ్బుపడినది. ఆమె ఎట్లో కోలుకొన్నది. తిన్నని జుట్టుకు ఇంత మూల్యమా?

మన ఇండ్లలో పండుగలకూ, పెళ్ళిళ్ళకూ ఆదరణ గల మెహందీని గూర్చి కూడా ఒక మాట. అసలైన గోరింటాకు రంగు కెరటిన్‌ను గట్టిగా పట్టుకొంటుంది. జిడ్డు జుట్టుకు అది మేలు చేసినట్లు కనబడినా, అసలే పొడిగా ఉన్న జుట్టును మరింత బిరుసు చేయగలదు. అట్టివారు కొద్దిసేపే ఉంచి, ముందుగాని పిదపగాని నూనె రాసికొనుట మంచిది. ‘నల్ల మెహందీ’ పేరుతో దొరికే పొడులలో తరచుగా కలిపే పి.పి.డి. అనే రసాయనం కొందరికి తీవ్రమైన దురదలూ, వాపులూ, బొబ్బలూ కలిగిస్తుంది. గోరింటాకు సహజంగా నల్లరంగు పండదు. నలుపు వచ్చినదంటే మరేదో కలిసినదని గ్రహింపవలెను.

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టుట అని మనం ఎగతాళి చేస్తాము. కాని తలవెంట్రుకకూ భోజనపు పళ్ళేనికీ నిజంగానే ముడి ఉన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి ఉన్నట్లు తేలినది. అనగా ముందు వరుసలో కూర్చున్న పదిమంది అమ్మాయిలలో అయిదారుగురు! ఇనుము, మాంసకృత్తులు చాలనప్పుడు శరీరం గుండెకూ మెదడుకూ ముందు పంచుతుంది. జుట్టు వంతు చివరకు వస్తుంది. పోగు సన్నబడుతుంది, కాంతి తగ్గుతుంది, రాలుట అధికమవుతుంది. దినానికి యాభై నుండి నూరు వెంట్రుకలు రాలటం సహజమే; కుచ్చులు కుచ్చులుగా ఊడుట సహజం కాదు. ఉదయం ఏమీ తినకుండా వచ్చి, మధ్యాహ్నం సమోసాతో, చాయ్‌తో సరిపెట్టుకొనే పిల్లల జుట్టుకు ఏ నూనె జీవం పోయగలదు? గుడ్డు, శనగలు, పల్లీలు, పప్పు, తోటకూర, మునగాకు, స్తోమత ఉన్నవారికి మాంసం, చేప, వెంట ఒక నిమ్మబద్ద ఇవి సీసాలలోని ద్రవాల కంటె చవకయు, గుణకారియు. నిమ్మరసం ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. భోజనం కాగానే తాగే చాయ్ దానిని అడ్డగిస్తుంది.

జుట్టు పొడిబారుటతోబాటు విడువని అలసట, చలికి తాళలేకుండుట, కారణం లేకుండ బరువు పెరుగుట, మలబద్ధకం, నెలసరి తప్పుట మున్నగునవి కనబడితే థైరాయిడు గ్రంథి మందగించినదేమోనని వైద్యుని చేత పరీక్ష చేయించుకొనవలెను. అది సాధారణమైన రక్తపరీక్ష. అవసరమైతే తీసికొనవలసినది మాత్ర. అట్టివారు పార్లరుల చుట్టూ తిరుగుట వేరుకు తెగులు పట్టిన చెట్టుకు ఆకులు తుడిచినట్లే.

ఇంతకూ చేయవలసినదేమి? అతి స్వల్పము. తలంటుకు ఒకటి రెండు గంటల ముందు కొబ్బరినూనె పట్టించవలెను. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి చొచ్చుకొనిపోయి కడిగేటప్పుడు పోయే మాంసకృత్తును తగ్గిస్తుందనీ, పొద్దుతిరుగుడు నూనెకుగాని, ఖనిజతైలానికిగాని ఆ గుణం లేదనీ ముంబయి పరిశోధకులు 2003లో చూపారు. వారు కొబ్బరినూనె అమ్మే సంస్థకు చెందినవారే. ఆ మాట కూడా చెప్పుట న్యాయం. చుండ్రు ఉన్నవారు తలచర్మానికి నూనె పట్టించక వెంట్రుకల పొడవుకే రాసికొనుట మేలు. వారానికి ఒకటి రెండు సార్లు తలంటు చాలును. చెమట ఎక్కువ పట్టేవారు మరొకసారి చేయవచ్చును. షాంపూనుగాని, కుంకుడురసాన్నిగాని చెంబెడు నీటిలో పలుచన చేసి తలచర్మానికే రుద్దవలెను. జారే నురుగు కొనలకు సరిపోతుంది. మరిగే నీరు వద్దు. హాస్టలులో ఉప్పునీరే గతియైతే చివరి రెండు చెంబులైనా మంచినీటితోగాని, పట్టిన వాననీటితోగాని కడుగుకొనవలెను. చెంబెడు నీటిలో ఒక చెంచా నిమ్మరసం కలిపి పోసికొంటే క్షారం విరిగి పెంకులు అణుగుతాయి. తలపై పుండ్లు ఉన్నవారు మాత్రం దాని జోలికి పోరాదు.

తలంటు పిదప కండిషనరు వాడగలవారు వాడవచ్చును. అది పెంకుల మీద పూత పూసి ఒరపిడిని తగ్గిస్తుంది. లేనివారికి నానబెట్టి రుబ్బిన మెంతులు, మందారాకు జిగురు ఉండనే ఉన్నవి. ముతక తువాలుతో పరపర తుడువక, పాత నూలుబట్టతో అద్దుకొనవలెను. వెడల్పు పళ్ళ దువ్వెనతో కొనల నుండి మొదలుపెట్టి పైకి చిక్కు తీయవలెను. పైనుండి లాగితే చిక్కు ముడియై వెంట్రుక తెగుతుంది. తడి జుట్టును ముడివేసి, ఓణీ లేక స్కార్ఫు క్రింద బిగించి, పరుగున బస్సు ఎక్కే అలవాటు మన అమ్మాయిలలో ఎక్కువ. తడి వెంట్రుక సాగి బలహీనంగా ఉంటుంది; పైగా గాలి ఆడని తడిలో దురదలు పుడతాయి. సాయంకాలం తలంటుకొని ఆరనిచ్చి పండుకొనుట దీనికి మందు. జడ గాని, ముడి గాని నుదుటి చర్మం లాగునంత బిగుతుగా ఉండరాదు. ఏండ్ల తరబడి అట్లు లాగితే ముందువైపు జుట్టు పలుచబడి వెనుకకు జరుగుతుంది. రెండు మూడు నెలలకొకసారి కొనలు కత్తిరించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది ఓపిక. ఈ రోజు మొదలుపెట్టిన మంచి అలవాటు కనబడేది కొత్తగా మొలిచే జుట్టులోనే. అది ఏడాదికి జానెడు కూడా పెరుగదు.

విద్యార్థులకు చెప్పవలసినది చెప్పినాను. ఇక పెద్దలకు చెప్పవలసినది ఉన్నది. మన కళాశాలలలో రసాయనశాస్త్రపు ప్రయోగశాలలు ఉన్నవి. ఇ.డి.టి.ఎ. ద్రావణంతో నీటి కఠినత్వం కొలుచుట బి.ఎస్సీ. విద్యార్థులు నేర్చుకొనే ప్రయోగమే. ఆ ప్రయోగానికి సీసాలో తెచ్చిన నీటికి బదులు హాస్టలు బోరునీటిని ఎందుకు వాడరాదు? వచ్చిన అంకెను నోటీసు బోర్డు మీద పెడితే ఆ ఫలితం మార్కుల కోసం కాక మనుషుల కోసం ఉపయోగపడుతుంది. అంకె మరీ ఎక్కువగా ఉంటే తలకడుగుకొనేందుకు ఒక్క మంచినీటి కుళాయినైనా ఏర్పాటు చేయవలెను. కుళాయికి తగిలించే చిన్న ఫిల్టర్లు సాధారణంగా క్లోరిన్‌ను తగ్గిస్తాయే గాని కఠినత్వాన్ని తొలగింపలేవు. ఉప్పుతో శుద్ధి చేసికొనే అయాన్ మార్పిడి యంత్రమే ఆ పని చేస్తుంది. హాస్టలంతటికీ ఒకటి అమర్చుట యాజమాన్యానికి అసాధ్యమైన ఖర్చు కాదు. ఏడాదికొకసారి రక్తంలోని హీమోగ్లోబిన్ పరీక్ష శిబిరం జరిపితే ఇంకను మేలు.

క్రమశిక్షణ వద్దా అని కొందరు అడుగవచ్చును. శుభ్రతను అడిగే హక్కు అధ్యాపకునికి ఉన్నది; పేలు, చుండ్రు, మురికి ఉంటే ఒంటరిగా పిలిచి చెప్పవలసిన బాధ్యత కూడా ఉన్నది. జుట్టు తిన్నగా ఉండవలెనని అడిగే హక్కు మాత్రం లేదు. ముక్కు ఆకారాన్ని మార్చుకొని రమ్మని ఏ గురువైనా అంటాడా? కుదురు ఆకారమూ అటువంటిదే. అందరి ఎదుట తలను గూర్చి వేసిన ఒక్క హాస్యపు మాట వేయి రూపాయల ఖర్చుకూ, కొన్ని ఏళ్ళ కుంగుబాటుకూ కారణం కాగలదని అధ్యాపక మిత్రులు గుర్తుంచుకొందురు గాక.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని సామెత. ఆ సామెతకు నేనొక చిన్న సవరణ సూచిస్తాను: ఆరోగ్యమున్న తలకు ఏ జుట్టైనా అందమే. విద్యార్థినీ విద్యార్థులారా! అద్దం ముందు నిలిచి మీ తలను నిందించుకొనే ముందు మీ బకెట్టులోని నీటిని చూడుడు, మీ పళ్ళెంలోని తిండిని చూడుడు, అవసరమైతే వైద్యుని చూడుడు. ఆ పిమ్మట కూడా మీ కురులు వంకులు తిరిగియే ఉన్నచో, వాటిని అట్లే ఉండనిండు. దువ్వెనకు లొంగని జుట్టు కంటె దండింపవలసినవి లోకంలో చాలా ఉన్నవి.